1965 మోడల్ కారు: హీటర్ గోరువెచ్చగానే వస్తోంది, ముందు అద్దం మసక వదలడం లేదు

#1 మంచుదారి

అందరికీ నమస్కారం. ఇక్కడి చర్చలు చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి.

నా దగ్గర 1965 నాటి నాలుగు తలుపుల సెలూన్ ఉంది. నాలుగు సిలిండర్ల ఇంజన్, నీళ్లతో చల్లబడేది, ఒకటే కార్బురేటర్. మా నాన్నగారు నడిపిన బండి. ఆయన పోయాక ఆరేళ్లు కవరు కిందే ఉండిపోయింది. పోయిన ఏడాది బ్రేకులు, టైర్లు, పెట్రోల్ ట్యాంకు అన్నీ బాగుచేయించి రోడ్డెక్కించాను.

ఇప్పుడు చలికాలం వచ్చేసరికి అసలు ఇబ్బంది బయటపడింది. హీటర్ లివరు చివరిదాకా లాగి, ఫ్యాన్ వేస్తే ఏదో ఊదినట్టు కొంచెం గాలి వస్తుంది. అది కూడా గోరువెచ్చగానే. ఇరవై నిమిషాలు నడిపినా ముందు అద్దం మీద అరచేయంత మేర రెండు చోట్ల మాత్రమే మసక పోతుంది.

నిన్న తెల్లవారుజామున ఒక చేత్తో గుడ్డ పట్టుకుని తుడుచుకుంటూ నడిపాను. ఎదురుగా వచ్చే బండి లైటు అద్దమంతా పరుచుకుంది. రోడ్డు పక్కన నడుస్తున్న మనిషి దగ్గరికి వచ్చేదాకా కనబడలేదు. ఏమీ కాలేదు కానీ, ఇంటికి వచ్చాక కూడా చేతులు వణుకుతూనే ఉన్నాయి. అప్పటి నుంచి బండి బయటికి తియ్యలేదు.

చూసిన మెకానిక్ హీటర్ కోర్ (ఇంజన్ వేడి నీళ్లు పారే చిన్న రేడియేటర్, దాని మీదుగానే గాలి వేడెక్కి లోపలికి వస్తుంది) మార్చాలన్నాడు. దానికి డ్యాష్‌బోర్డు మొత్తం విప్పాలట. అరవై ఏళ్ల నాటి ప్లాస్టిక్, వైర్లు. విప్పితే మళ్లీ సరిగ్గా కూర్చుంటాయా అని టెన్షన్‌గా ఉంది. ఏం చెయ్యమంటారు?

#2 రేడియేటర్67

విప్పకండి. ఇప్పుడే వద్దు.

ముందు వీటికి జవాబు చెప్పండి. టెంపరేచర్ ముల్లు ఎక్కడిదాకా వెళుతోంది? కారులో తియ్యటి వాసన ఏమైనా వస్తోందా (కోర్ కారితే కూలెంట్ వాసన అలా వస్తుంది)? ముందు సీట్ల కింద కార్పెట్ తడిగా ఉందా? రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతున్నాయా? హీటర్‌కి వెళ్లే రెండు హోస్ పైపులూ ఇంజన్ వేడెక్కాక ఒకే వేడిగా ఉన్నాయా, ఒకటి చల్లగా ఉందా?

#3 పాతబండి

మంచుదారి గారూ, ముందుగా ఒక మాట. చూపు ఆనకపోతే బండి ఆపేయడమే సరైన పని. మీరు ఆపేశారు, మంచిపని చేశారు.

మీరు రాసినదాంట్లో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. గాలి తక్కువగా రావడం ఒకటి, వచ్చిన గాలి వేడిగా లేకపోవడం రెండోది. హీటర్ కోర్ మూసుకుపోతే వేడి తగ్గుతుంది కానీ ఫ్యాన్ నీరసపడదు. అందుకే ఒక్క కోర్ మార్చితే మీ సమస్య తీరుతుందని నాకు అనిపించడం లేదు.

అద్దం మసక ఎందుకు పోతుందో తెలిస్తే వెతకడం తేలిక. సున్నా డిగ్రీల దగ్గర ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 5 గ్రాముల నీటి ఆవిరినే పట్టుకోగలదు. అదే గాలి 20 డిగ్రీలకు వేడెక్కితే 17 గ్రాముల దాకా పట్టుకోగలదు. బయటి చల్లటి గాలిని లోపలికి లాగి వేడి చేస్తే అది ఎండిన గుడ్డలాంటిదవుతుంది. అద్దం మీద తడిని తాగేస్తుంది. ఈ పని జరగాలంటే వేడి కావాలి, గాలి జోరు కావాలి, ఆ గాలి అద్దం దాకా చేరాలి, పైగా కారు లోపల తడి ఊరకూడదు. వీటిలో ఏ ఒక్కటి తగ్గినా అద్దం మసకగానే ఉంటుంది.

#4 మంచుదారి

ఇంత త్వరగా జవాబిచ్చినందుకు ధన్యవాదాలు.

ముల్లు 60 దాటడం లేదు. తియ్యటి వాసన లేదు. అద్దం లోపలి వైపు వేలితో రాస్తే జిడ్డుగా కూడా లేదు. నీళ్లు తగ్గడం లేదు. కార్పెట్ ఎడమవైపు కొంచెం చెమ్మగా ఉంది, అది వాననీళ్లనుకున్నాను. హీటర్‌కి వెళ్లే పైపుల్లో ఒకటి వెచ్చగా, రెండోది దాదాపు చల్లగా ఉంది.

#5 స్పానర్‌సెట్

ముల్లు 60 దాటడం లేదా? అయితే కోర్ సంగతి తర్వాత. ఇంజనే వేడెక్కడం లేదు.

థర్మోస్టాట్ (ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే వాల్వు) తెరుచుకుని బిగుసుకుపోయి ఉండాలి, లేకపోతే అసలు లోపల ఉండకపోవచ్చు. పాత కార్లు వేసవిలో వేడెక్కుతున్నాయని థర్మోస్టాట్ తీసి పక్కన పెట్టేసినవాళ్లను చాలామందిని చూశాను. తాత్కాలికంగా తీస్తారు, మళ్లీ పెట్టడం మర్చిపోతారు. చలిలో స్టార్ట్ చేసి, బానెట్ తెరిచి, రేడియేటర్ పై హోస్ మీద చెయ్యి పెట్టండి. థర్మోస్టాట్ బాగుంటే ఆ హోస్ చాలాసేపు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కుతుంది. మొదటి నిమిషం నుంచీ కొద్దికొద్దిగా వెచ్చబడుతోందంటే నీళ్లు ఆగకుండా రేడియేటర్‌కి పోతున్నట్టే. చెయ్యి పెట్టేటప్పుడు చున్నీ, పొడుగు చేతులు ఫ్యాన్‌కి దూరంగా ఉండాలి.

#6 చలిమంట

ఇంత తతంగం ఎందుకు? రేడియేటర్ ముందు ఒక అట్టముక్క అడ్డం పెట్టండి. పది నిమిషాల్లో వేడెక్కుతుంది. నేను రెండు చలికాలాలు అలాగే గడిపాను.

#7 రేడియేటర్67

చలిమంట గారూ, అట్టముక్క పని చేస్తుందని నేనూ ఒప్పుకుంటాను. గాలి తగలదు కాబట్టి ఇంజన్ వేడెక్కుతుంది. కానీ ఎండ ఎక్కాక, లేదా ఎత్తు రోడ్డు మీద, దాన్ని తియ్యడం మర్చిపోతే ఇంజన్ మరీ వేడెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజన్ పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు) పోతుంది. థర్మోస్టాట్ తనంతట తనే తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. అది ఉన్న చోట అట్టతో పని లేదు. పైగా చల్లగా నడిచే ఇంజన్‌లో పెట్రోల్ సరిగా మండదు, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. హీటర్ కోసం కాకపోయినా దీన్ని సరిచెయ్యాల్సిందే.

#8 మంచుదారి

స్పానర్‌సెట్ అక్కా, మీరు చెప్పినట్టే పై హోస్ మొదటి నుంచీ వెచ్చబడుతూ వచ్చింది. ఇంజన్ పూర్తిగా చల్లారాక హౌసింగ్ విప్పి చూశాను. లోపల ఏమీ లేదు! థర్మోస్టాట్ కూర్చునే గాడి ఖాళీగా, తుప్పు పట్టి ఉంది.

82 డిగ్రీల థర్మోస్టాట్ తెప్పించాను. పెట్టే ముందు గిన్నెలో నీళ్లు పోసి, థర్మామీటర్ ఉంచి కాచి చూశాను. 82 దగ్గర తెరుచుకోవడం మొదలైంది, 90 దాటాక బాగా తెరుచుకుంది. గాడి శుభ్రం చేసి, కొత్త గాస్కెట్‌తో బిగించాను. ఇప్పుడు ముల్లు 80 దాటి అక్కడే నిలబడుతోంది.

లోపల గాలి మునుపటికంటే కొంచెం నయం. అయినా అద్దం అలాగే ఉంది. హీటర్ పైపులు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో కొలిచాను. వెళ్లేది 78, వచ్చేది 31.

#9 నిదానం

థర్మోస్టాట్‌ని పెట్టేముందు కాచి చూడటం మంచి అలవాటు. కొత్తవాటిలో కూడా పనిచెయ్యనివి వస్తాయి.

78, 31 అంటే హీటర్‌లోకి నీళ్లు చుక్కలు చుక్కలుగా పోతున్నాయన్నమాట. మీ ఫ్యాన్ కూడా బలహీనంగా ఉంది కాబట్టి, గాలి నీళ్లను అంతగా చల్లార్చేసిందని అనుకోలేం. దారిలో ఎక్కడో అడ్డు ఉంది. హీటర్‌లోకి వేడి నీళ్లను వదిలే వాల్వు కావచ్చు, కోర్ కావచ్చు, గాలి బుడగ కావచ్చు. తేలికైన చోటు నుంచి మొదలుపెట్టండి. ఇంజన్ ఆపి, డ్యాష్‌బోర్డు దగ్గర లివరుని ఒకరు అటూ ఇటూ జరుపుతుంటే, మీరు బానెట్ కింద వాల్వు చెయ్యి ఎంతవరకు కదులుతోందో చూడండి. కేబుల్ పై తొడుగుని పట్టుకునే క్లిప్పు జారితే లోపలి తీగ బదులు తొడుగే కదులుతుంది. లివరు చివరిదాకా వెళ్లినట్టే ఉంటుంది, వాల్వు మాత్రం సగమే తెరుచుకుంటుంది.

కొలిచేటప్పుడు మరో సంగతి. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ని మెరిసే లోహం మీద పెడితే అంకె తప్పు చూపిస్తుంది. ఎప్పుడూ నల్ల రబ్బరు మీదే కొలవండి.

#10 వైర్‌మ్యాన్

నీళ్ల సంగతి వాళ్లు చూస్తున్నారు. నేను ఫ్యాన్ గురించి అడుగుతాను. ఫ్యాన్ తిరుగుతున్నప్పుడు మోటారు రెండు టెర్మినల్స్ మధ్య ఎన్ని వోల్టులు వస్తున్నాయి? వైరు ఊడదీసి కొలిస్తే ఎప్పుడూ 12 పైనే చూపిస్తుంది, దానివల్ల ఉపయోగం లేదు. కరెంటు పారుతున్నప్పుడే తుప్పు తన పని చూపిస్తుంది.

ఇంజన్ నడుస్తుండగా మూడు కొలతలు రాయండి. బ్యాటరీ ప్లస్ నుంచి మోటారు ప్లస్ వైరు దాకా ఒకటి, మోటారు రెండు టెర్మినల్స్ మధ్య ఒకటి, మోటారు ఎర్త్ వైరు నుంచి బ్యాటరీ మైనస్ దాకా ఒకటి. మూడూ కలిపితే బ్యాటరీ వోల్టేజీ రావాలి.

#11 మంచుదారి

వాల్వు విషయం నిదానం గారు చెప్పినట్టే తేలింది. క్లిప్పు స్క్రూ వదులైంది. బిగించి, కేబుల్‌కి కొంచెం నూనె పట్టించాను. ఇప్పుడు వాల్వు పూర్తిగా తెరుచుకుంటోంది. వచ్చే పైపు 31 నుంచి 49కి పెరిగింది.

వైర్‌మ్యాన్ గారూ, బ్యాటరీ దగ్గర 13.9. ప్లస్ వైపు 2.5, మోటారు దగ్గర 9.6, ఎర్త్ వైపు 1.8. నిజంగానే కలిపితే 13.9 వచ్చింది!

#12 వైర్‌మ్యాన్

మీ మోటారుకి చేరాల్సిన దాంట్లో 4.3 వోల్టులు దారిలోనే పోతున్నాయి. మోటారు పాపం ఏం చేస్తుంది?

ప్లస్ వైపు ఫ్యూజు క్లిప్పులు, బుల్లెట్ కనెక్టర్లు, స్విచ్ చూడండి. బ్యాటరీ వైరు తీసేశాకే పని మొదలుపెట్టండి. ఫ్యూజు తీసి క్లిప్పుల్ని సన్నటి ఎమెరీ కాగితంతో మెరిసేదాకా రుద్దండి, వదులుగా ఉంటే లోపలికి నొక్కండి. ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట రంగు, తుప్పు గీకి, శుభ్రమైన వాషరుతో బిగించి, పైన కొంచెం వ్యాసెలైన్ రాయండి. వోల్టేజీ సరిపోవడం లేదని పెద్ద ఫ్యూజు వెయ్యడం మాత్రం చెయ్యకండి. లోపం అలాగే ఉంటుంది, వైరు కాలుతుంది.

#13 బీటిల్‌బాట

నా బండి గాలితో చల్లబడే ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కాబట్టి నీళ్లు, కోర్ గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఇది చదివే బీటిల్ వాళ్ల కోసం ఒక్కటి రాస్తాను. మన బండిలో ఎగ్జాస్ట్ చుట్టూ ఉండే హీట్ ఎక్స్ఛేంజర్ల మీదుగా వచ్చే గాలే హీటర్. ఆ డబ్బా లోపల తుప్పుతో చిల్లుపడితే పొగ నేరుగా సీట్ల దగ్గరికి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. హీటర్ వేసినప్పుడు తలనొప్పి, మగత అనిపిస్తే కిటికీలు దించి, బండి ఆపి దిగండి. అది సరిచేసేదాకా హీటర్ ముట్టుకోవద్దు. దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

#14 మంచుదారి

వారాంతమంతా వైర్ల మీదే గడిచింది. ఫ్యూజు క్లిప్పులు ఆకుపచ్చగా పట్టేసి ఉన్నాయి. రెండు బుల్లెట్ కనెక్టర్లు మార్చాను. ఎర్త్ దగ్గర రంగు మీదే బోల్టు బిగించి ఉంది. ఇప్పుడు మోటారు దగ్గర 13.4 వస్తోంది.

శబ్దం బాగా పెరిగింది. గాలి మాత్రం ఆ శబ్దానికి తగ్గట్టు లేదు. గొట్టాలన్నీ చూశాను, ఎక్కడా ఊడలేదు, చిరగలేదు. ఇంకేం మిగిలిందో అర్థం కావడం లేదు.

#15 పాతబండి

మీ కొలతలు చూస్తే బ్యాటరీ మైనస్సే ఎర్త్, అంటే కారు బాడీకి కలిపి ఉంది. 1965 కారుకి మైనస్ ఎర్త్ మొదటి నుంచీ ఉందా? ఆ కాలపు చాలా కార్లు ప్లస్ ఎర్త్‌తో వచ్చేవి. మీ బండికి డైనమో ఉందా, ఆల్టర్నేటర్ ఉందా?

#16 మంచుదారి

ఆల్టర్నేటర్. నాన్నగారు ఉన్నప్పుడే మార్పించారు. అప్పుడే ఎర్త్ కూడా మార్చినట్టు ఆయన డైరీలో రాసుకున్నారు.

#17 పాతబండి

అయితే దొరికిందనే అనుకుంటున్నాను. మీ ఫ్యాన్ వెనక్కి తిరుగుతోంది.

డీసీ మోటారు రెండు రకాలు. లోపల తీగచుట్టతో చేసిన ఫీల్డ్ ఉంటే ప్లస్, మైనస్ తారుమారైనా అదే దిశలో తిరుగుతుంది, ఎందుకంటే రెండు అయస్కాంత క్షేత్రాలూ కలిసే మారతాయి. అదే లోపల శాశ్వత అయస్కాంతం ఉంటే తీగ మారిన వెంటనే దిశ మారిపోతుంది. ఎర్త్ మార్చేటప్పుడు చాలామంది రేడియో, అమ్మీటర్, కాయిల్ గుర్తుపెట్టుకుంటారు. హీటర్ మోటారు ఎవరికీ గుర్తుండదు.

ఇది ఇన్నేళ్లు బయటపడకపోవడానికి కారణం ఉంది. ఉడుత చక్రంలాంటి బ్లోయర్ వెనక్కి తిరిగినా గాలిని ముందుకే పంపిస్తుంది. చాలా తక్కువగా, అంతే. చెయ్యి పెట్టి చూస్తే గాలి వస్తోంది కదా అనిపిస్తుంది. తిరగాల్సిన దిశ తెలుసుకోవాలంటే దాని గూడు చూడండి. నత్తగుల్లలా ఇరుకుగా మొదలై వెడల్పవుతూ బయటి మూతి దాకా వెళుతుంది. ఇరుకు నుంచి వెడల్పు వైపే చక్రం తిరగాలి.

మోటారుకి రెండు వైర్లు ఉండి, ఏదీ మోటారు ఒంటికి కలవకపోతే వాటిని మార్చి పెట్టండి. మోటారు ఒళ్లే ఎర్త్ అయితే అలా మార్చకూడదు, ప్లస్ నేరుగా బాడీకి తగులుతుంది. ముందు మీటరుతో చూసుకోండి.

#18 మంచుదారి

పాతబండి గారూ, ఏమని చెప్పాలి! వెనక్కే తిరుగుతోంది. రెండు వైర్లూ ఒంటికి కలవలేదు, మీటరుతో రెండుసార్లు చూసుకున్నాను. మార్చి పెట్టగానే డ్యాష్‌బోర్డు మీద ఏళ్లుగా పేరుకున్న దుమ్మంతా అద్దం అంచు సందుల్లోంచి ఎగిరి మొహాన పడింది. ఇన్ని చలికాలాలు నాన్నగారు ఈ నీరసపు గాలితోనే నడిపారా అని తలుచుకుంటే బాధేసింది.

ఇక కోర్ మిగిలింది. వచ్చే పైపు 49 దగ్గరే ఉంది.

#19 చలిమంట

కోర్‌లో యాసిడ్ పోసి రాత్రంతా ఉంచితే తుప్పు కరిగిపోతుంది.

#20 స్పానర్‌సెట్

వద్దు తమ్ముడూ. ఆ కాలపు కోర్‌లు పల్చటి ఇత్తడి, రాగి రేకులను సీసం కలిసిన టంకంతో అతికించి చేసినవి. గట్టి యాసిడ్ మురికితో పాటు టంకాన్నీ తినేస్తుంది. ఆ తర్వాత కారులోనే కారుతుంది. అప్పుడు నిజంగానే డ్యాష్‌బోర్డు విప్పాలి.

మంచుదారి, రెండు హోస్‌లూ కోర్ నుంచి తీసి, నీళ్లు మామూలుగా బయటికి వచ్చే మూతిలోంచి లోపలికి వదలండి. వెనక్కి తోస్తేనే ఇరుక్కున్న మురికి వచ్చిన దారినే పోతుంది. కుళాయి పూర్తిగా తిప్పొద్దు, తక్కువ ఒత్తిడి చాలు. గోరువెచ్చటి నీళ్లైతే ఇంకా మంచిది. ఒకసారి ఇటు, ఒకసారి అటు, నీళ్లు తేటగా వచ్చేదాకా. అతుక్కుపోయిన హోస్‌ని లాగి పీకకండి, కోర్ మూతి ఊడుతుంది. హోస్‌ని పొడుగ్గా బ్లేడుతో చీల్చి తీసి, కొత్తది వేసుకోండి. పాత కూలెంట్‌ని బకెట్‌లో పట్టి మూత పెట్టండి. తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు తాగుతాయి, కొంచెం తాగినా ప్రాణం పోతుంది.

#21 మంచుదారి

మొదట కాఫీ డికాషన్ రంగులో నీళ్లు, తర్వాత వెండి రంగు పొడి ముద్దలు ముద్దలుగా వచ్చాయి. నలభై నిమిషాలు పట్టింది.

#22 రేడియేటర్67

ఆ వెండి ముద్ద లీకు ఆపడానికి రేడియేటర్‌లో పోసే పొడి అయి ఉంటుంది. లీకు చిల్లు ఏదో, హీటర్ కోర్‌లోని సన్నటి గొట్టం ఏదో దానికి తెలియదు. ఇరుకు ఎక్కడుంటే అక్కడ మూసేస్తుంది.

మళ్లీ నింపేటప్పుడు వాల్వు పూర్తిగా తెరిచి, బండి ముక్కు ఎత్తుగా ఉండేలా నిలపండి. హీటర్ పైపుల్లో ఎత్తైన హోస్‌ని కొంచెం వదులు చేసి, బుడగలు ఆగి నీళ్లు వచ్చాక బిగించండి. ఇదంతా ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ఎట్టి పరిస్థితిలోనూ తియ్యకండి.

#23 మంచుదారి

వెళ్లేది 80, వచ్చేది 68. అద్దం కింద సందు దగ్గర థర్మామీటర్ పెడితే 52 డిగ్రీలు. మొదట్లో 24 ఉండేది.

ఇంకొక్కటి మిగిలింది. బండి తీసిన మొదటి ఐదు నిమిషాలు ఫ్యాన్ వెయ్యగానే అద్దం ఇంకా ఎక్కువ మసకబారుతోంది. ఆ తర్వాత పోతోంది. తియ్యటి వాసన ఇప్పుడూ లేదు.

#24 నిదానం

ఎడమవైపు కార్పెట్ చెమ్మగా ఉందన్నారు కదా. ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్లే జాలీ ఉంటుంది. దాని కింద డబ్బాలో పడిన వాననీళ్లు పోవడానికి ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. అది ఆకులతో మూసుకుపోతే డబ్బాలో నీళ్లు నిలుస్తాయి. మీ ఫ్యాన్ ఆ నీళ్ల మీది తడిగాలిని లాగి అద్దం మీదికి కొడుతోంది.

#25 మంచుదారి

గొట్టం కింది చివర నొక్కగానే నల్లటి బురద, కుళ్లిన ఆకులు, దాని వెనకాలే దాదాపు లీటరు నీళ్లు వచ్చాయి! కార్పెట్ తీసి ఆరబెట్టాను. కింద రేకు మీద తుప్పు పైపైనే ఉంది, గీకి రంగు వేశాను. అద్దం లోపలి వైపు రెండుసార్లు శుభ్రంగా తుడిచాను.

ఈ రోజు తెల్లవారుజామున అదే రోడ్డు మీద, అదే వేళకి వెళ్లాను. ఆరు నిమిషాల్లో అద్దం పూర్తిగా తేటపడింది. గుడ్డ సీటు మీదే ఉంది, చేతిలోకి తీసుకోలేదు. డ్యాష్‌బోర్డుకి ఒక్క స్క్రూ కూడా విప్పలేదు.

పక్క సీటు వైపు అద్దం మాత్రం డ్రైవర్ వైపు కంటే రెండు నిమిషాలు ఆలస్యంగా తేటపడుతోంది.

#26 స్పానర్‌సెట్

అటువైపు గొట్టం పొడుగెక్కువై గ్లవ్ బాక్స్ వెనక మడత పడి ఉంటుంది. చెయ్యి పెట్టి తడిమి చూడు తమ్ముడూ. మడత ఉంటే ఆ మేరకు కత్తిరించి, నేరుగా తగిలించు.

#27 మంచుదారి

మడత ఉంది అక్కా. నాలుగు వేళ్ల పొడవు కత్తిరించాను. ఇప్పుడు రెండు వైపులా ఒకేసారి తేటపడుతోంది.